కమాను కట్టకు సిలుము పట్టిందా? పట్టీ విరగకముందే చూసుకోండి

ఎద్దు కుంటితే అదే పూట కాలు ఎత్తి చూస్తాం. పాత డీసీఎం ఒక పక్కకు ఒరిగి నడుస్తుంటే మాత్రం ‘ఈ పంట అమ్మినంక చూద్దాంలే’ అనుకుంటాం. చేవెళ్ళ, శంకర్‌పల్లి, మొయినాబాద్ వైపు నుంచి తెల్లారకముందే కూరగాయలు వేసుకొని పట్నం దారి పట్టే రైతులు ఈ మాట గుర్తుంచుకోవాలి. నడిదారిలో కమాను పట్టీ విరిగితే ఆకుకూర బండిలోనే వాడిపోతుంది. వేగంలో విరిగితే ఇరుసు పక్కకు జరిగి బండి చేతిలో నిలవదు.

పుప్పాలగూడనే చూడండి. ఒకప్పుడు రాజేంద్రనగర్ మండలంలోని పల్లె. 2016లో జిల్లాల పునర్విభజనప్పుడు గండిపేట మండలంలో చేరింది. పొలాలున్న చోట మేడలు లేచాయి. పునాదుల మట్టి, బండరాయి మోసే టిప్పర్లు తిరిగే దారుల్లో గుంతలకు కొదవ ఉండదు. మరోపక్క 2008లో గచ్చిబౌలి, శంషాబాద్ మధ్య ఔటర్ రింగు రోడ్డు తెరిచాక వేగమూ పెరిగింది. గుంతల దెబ్బ, వేగం, బరువు మూడూ వచ్చి పడేది కమాన్ల మీదనే.

సిలుము ఎక్కడ మొదలవుతుంది?

పట్నం బండి కంటే రైతు బండికి సిలుము తొందరగా పడుతుంది. యూరియా, పొటాష్, పెంట, కోళ్ళ ఎరువు మోసినప్పుడు రాలిన పొడి పట్టీల సందుల్లో చేరుతుంది. పొటాష్ ఎరువు ఉప్పు వంటిదే. తడి తగిలితే ఇనుమును తినేస్తుంది. తుప్పు తిన్న చోట చిన్న గుంటలు పడతాయి. బరువు పడి పట్టీ వంగినప్పుడల్లా ఆ గుంట దగ్గర లాగుడు ఎక్కువై, వెంట్రుకంత బీట మొదలై, ఒకరోజు ‘టప్పు’మంటుంది.

ఇంటి దగ్గర నాలుగు పరీక్షలు

1. ఖాళీ బండిని చదును నేల మీద నిలిపి, రెండు పక్కలా చక్రం పైనుంచి బాడీ అంచు వరకు టేపుతో కొలవండి. తేడా ఎక్కువుంటే తగ్గిన పక్క కమాను అలిసినట్లు.

2. స్టీరింగు నిటారుగా పెట్టి, ముందు చక్రం నడిమి నుంచి వెనుక చక్రం నడిమి దాకా తాడుతో కొలవండి. అదే తాడు రెండో పక్క పట్టండి. సరిపోకపోతే సెంటర్ బోల్టు తెగి ఇరుసు జరిగిందేమో అనుమానించాలి.

3. వైరు బ్రష్‌తో పట్టీలు రుద్ది, సెంటర్ బోల్టు, యూ బోల్టుల దగ్గర బీటలున్నాయేమో చూడండి. యూ బోల్టు చుట్టూ ఎర్రటి పొడి రాలుతుంటే అది వదులైందని గుర్తు.

4. చక్రాల మీద బరువు లేకుండా బండిని లేపి స్టాండ్ల మీద ఆనించాక, షాకిల్ దగ్గర గడ్డపారతో మెల్లగా ఎత్తి చూడండి. లొడలొడలాడితే పిన్ను, బుష్ అరిగినట్లే.

ఏది మనం, ఏది మేస్త్రీ?

యూ బోల్టులు, షాకిల్ పిన్నులు, బుష్‌లు పనిముట్లు, తోడు మనిషి ఉంటే ఇంట్లో మార్చుకోవచ్చు. మొత్తం కట్టను తీసి కొత్త కట్ట పెట్టడమూ సాధ్యమే. కానీ కట్ట విప్పి పట్టీ మార్చడం, చాసిస్ బ్రాకెట్టు తుప్పు పట్టి పలచబడితే బాగు చేయడం మాత్రం కమాన్ల మేస్త్రీకే వదలండి. వంచి బిగించిన పట్టీలు సెంటర్ బోల్టు విప్పగానే ఎగిరి మొహానికి తగులుతాయి.

పని ఇలా చేయండి

రెండు రోజుల ముందే మరలు రుద్ది శుభ్రం చేసి, తుప్పు విడిపించే నూనె పట్టించండి. రబ్బరు బుష్‌ల మీద, బ్రేకు పైపుల మీద పడనీయకండి.

బండి ఖాళీగా ఉండాలి. గట్టి చదును నేల కావాలి. మట్టి నేలైతే జాకీ కింద, స్టాండ్ల కింద మందపాటి చెక్కలు వేయండి. లేపని చక్రాలకు ముందూ వెనుకా అడ్డు పెట్టండి. చాసిస్‌ను స్టాండ్ల మీద ఆనించి, జాకీని ఇరుసు కింద ఉంచండి. ఇటుకలు, రాళ్ళు పేర్చి ఆనించకండి. ఇటుక చెప్పకుండా పగులుతుంది. జాకీ ఒక్కటే ఆధారంగా ఉన్న బండి కిందికి దూరవద్దు. పంట పోతే మళ్ళీ వేసుకోవచ్చు, ప్రాణం అట్ల కాదు.

ఒకేసారి రెండు పక్కలా విప్పవద్దు. ఒక పక్క పూర్తయ్యాకే రెండోది. విప్పని పక్క నమూనాగా పనికొస్తుంది. కట్టలో బరువు లేకుండా జాకీని సర్దుకొని, యూ బోల్టులు విప్పి, తర్వాత పిన్నులు తీయండి. ఇరుసు కిందికి దిగేటప్పుడు బ్రేకు గొట్టం లాగుకుపోకుండా చూడండి. పిన్ను రాకుంటే నూనె వేసి ఆగండి. డీజిల్ ట్యాంకు, బ్రేకు పైపు దగ్గర గ్యాసు మంట పెట్టకండి.

పాత యూ బోల్టు మళ్ళీ వాడకూడదు. అది ఒకసారి సాగి ఉంటుంది. పాతదాన్ని వెంట తీసుకెళ్ళి లావు, లోపలి వెడల్పు, కాలు పొడవు, మర సరిపోయేది కొనండి. హైదరాబాదు ఆటోనగర్, రాణిగంజ్ వైపు ఇవి దొరుకుతాయి. కమాను కొంటే రెండు పక్కలకూ కలిపి మార్చడం మేలు. ఒకటి కొత్తది, ఒకటి పాతదైతే బండి ఒరుగుతుంది.

బిగింపులోనే ఉంది కిటుకు

సెంటర్ బోల్టు తల ఇరుసు మీది రంధ్రంలో సరిగ్గా కూర్చోవాలి. నాలుగు నట్లను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించండి. చక్రాలు నేల మీద ఆని, బరువు పడ్డాక చివరి బిగింపు. రబ్బరు బుష్ ఉన్న బోల్టులకూ అంతే. గాలిలో బిగిస్తే రబ్బరు మెలిపడి చినుగుతుంది. ఎంత గట్టిగా అన్నది కంపెనీ పుస్తకంలో చూడండి. గ్రీజు నిప్పిల్ ఉన్న పిన్నుకు కొత్త గ్రీజు అంచున కనబడే దాకా కొట్టండి. మొదటి లోడు దింపాక నట్లు మళ్ళీ సరిచూడాలి. ముందు కమాన్లు మారిస్తే అలైన్‌మెంటు చేయించండి.

ఈ మూడూ వద్దు

విరిగిన పట్టీకి వెల్డింగు వద్దు. వేడికి పట్టీ పదును పోయి, అతికిన పక్కనే విరుగుతుంది. తుప్పు గుంటల మీద రంగు పూసి దాచవద్దు. అదనపు పట్టీ వేసి, ఆర్‌సీలో రాసినదానికి మించి లోడు ఎత్తవద్దు. కమాను మోసినా ఇరుసు, బ్రేకులు మోయవు.

ఎరువు దింపిన రోజే కమాన్లను నీళ్ళతో కడిగి ఆరనివ్వండి. వానాకాలానికి ముందు, తర్వాత పై నాలుగు పరీక్షలు చేయండి. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ తప్పదు. ఆ తేదీకి నెల ముందే కిందికి తొంగి చూస్తే, పిన్నుతో పోయేది పట్టీ దాకా రాదు.