చెట్టు ఎత్తెంతో ఎడం అంత

కోలారు, చిక్కబళ్లాపుర జిల్లాల్లో నీలగిరి తోటలు మనకు కొత్త కాదు. 1980లలో సామాజిక అడవుల పథకం కింద ఇక్కడి మెట్ట పొలాల్లోకి ఈ చెట్టు పెద్దయెత్తున వచ్చింది. ఒడిశాలో రాయగడ వైపు కాగితం మిల్లుకోసం నీలగిరే పెంచుతారు. తమిళనాడు తీరంలో సరుగుడు వేస్తారు. ఎక్కడైనా ఒకటే అలవాటు: గట్టు దాకా, కొన్నిచోట్ల దారి అంచు దాకా నాటేస్తారు. మొక్కగా ఉన్నన్నాళ్లు ఎవరికీ పట్టదు. మంచి నేలలో నాలుగైదేళ్లకే అది 15 మీటర్లు, అంటే దాదాపు 50 అడుగులు పెరుగుతుంది. గాలివానకు కూలితే ఆ 50 అడుగుల మేరా పడుతుంది. దారిలో కరెంటు తీగ ఉంటే దాన్నీ లాక్కుని పడుతుంది. ఎండాకాలంలో నూనె నిండిన ఆకులు, ఊడిన బెరడు కింద పోగుపడతాయి. ఒక్క బీడీ ముక్క చాలు. ఆ దారినే మన పిల్లలు బడికి నడుస్తారు.

కర్ణాటక ప్రభుత్వం 2017లో కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది. అది భూగర్భజలాల కోసం. కానీ నరికిన మోడు మళ్లీ చిగురిస్తుంది, పాత వరుసే తిరిగి లేస్తుంది.

ఎంత దూరం?

న్యూజిలాండ్‌లో 2018 నుంచి అమలులో ఉన్న నిబంధనలు దీనికి కొలత చెబుతాయి. పొరుగువారి ఒప్పుదల లేకుండా వారి హద్దుకు 10 మీటర్లలోపు, ఇంటికి 40 మీటర్లలోపు కొత్త తోట వేయకూడదు. చలికాలంలో చెట్ల నీడ పడి రోడ్డు మీద మంచు కరగకుండా ఉంటుందని, ఆ నీడకూ అక్కడ హద్దు పెట్టారు. మనకు ఆ మంచు బెడద లేదు, గాలీ నిప్పూ ఉన్నాయి. అందుకే మేం సూచించే కొలత తేలికైనది: చెట్టు పూర్తిగా పెరిగితే ఎంత ఎత్తో, ఇంటికీ బడికీ దారికీ కనీసం అంత ఎడం.

రైతు నష్టం చిన్నది కాదు. చతురస్రంగా ఉన్న ఎకరం ఒక్కో వైపు సుమారు 64 మీటర్లు. ఒక వైపు 15 మీటర్లు వదిలితే దాదాపు పావు ఎకరం పోతుంది. అందుకే ఆ జాగా బీడు పెట్టమనడం న్యాయం కాదు. వేళ్లు అటు రాకుండా మధ్యన కందకం తవ్వి రాగి, ఉలవ, వేరుశనగ వేసుకోవచ్చు. మాట్లాడుకోవడానికి మంచి సమయం తోట నరికే రోజు. అప్పుడే అంచు వరుసల మోళ్లు పెకలించాలి. చిగుళ్లు లేచాక ఎవరూ ఒప్పుకోరు.

ఒక్క జాగ్రత్త. తీరం వెంబడి తుఫాను గాలికి అడ్డుగా పెంచిన సరుగుడు పట్టీల జోలికి పోకూడదు. అవి ఊరికి కాపు.

బడిలో లెక్క

పదో తరగతి పిల్లలు సరూప త్రిభుజాలతో చెట్టు ఎత్తు కొలవగలరు. మీటరు కర్రను నిలబెట్టి దాని నీడ, అదే సమయంలో చెట్టు నీడ కొలవాలి. కర్ర నీడ అర మీటరు, చెట్టు నీడ 9 మీటర్లు అయితే ఎత్తు 18 మీటర్లు. ఆ తర్వాత మొదలు నుంచి బడి గోడకు, దారికి దూరం కొలిచి పట్టిక రాయించండి. గాలి వీచే రోజున మాత్రం ఈ పని వద్దు.

ఆ పట్టికతో మొదట తోట యజమానితో, తర్వాత పంచాయతీతో మాట్లాడాలి. చెట్టు ఇప్పటికే ఒరిగి పడేలా ఉంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ ఉంది. పక్కనున్నవారికి, దారినపోయేవారికి ప్రమాదమైన చెట్టును తీయమని సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. యజమాని తన మాట చెప్పుకునే వీలూ అందులో ఉంది. కర్ణాటకలో ఆ అధికారి అసిస్టెంట్ కమిషనర్, ఒడిశాలో సబ్ కలెక్టర్.

అర్జీ ఏ భాషలో రాయాలని చాలామంది తల్లిదండ్రులు ఆగిపోతుంటారు. రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా అర్జీ పెట్టుకునే హక్కును రాజ్యాంగం 350వ అధికరణం ఇచ్చింది. తెలుగులో రాయండి. పని త్వరగా కదలడానికి కన్నడ ప్రతో, ఒడియా ప్రతో జతచేయండి. పిల్లలు కొలిచిన పట్టికను దానికి కుట్టండి. వానలు మొదలవక ముందే ఇవ్వండి.