జ్వరం ఇంట్లో కోడి చారు: ఏం చేస్తుంది, ఏం చేయదు

మన కోనసీమలో నాలుగు రోజులు ముసురు పట్టిందంటే అమలాపురం అయినా, రాజోలు అయినా, కొత్తపేట అయినా ప్రతి ఇంట్లో ఒక తుమ్ము, ఒక దగ్గు ఉంటుంది. వెంటనే రెండు పార్టీలు తయారవుతాయి. "నాటుకోడి చారు పెట్టండి, దెబ్బకి వదిలిపోద్ది" అని ఒకరు. "జ్వరంలో కోడేంటి, వేడి చేస్తుంది, పథ్యం ఉండాలి" అని ఇంకొకరు. మధ్యలో మంచం మీద ఉన్నవాళ్లు ఏమీ తినకుండా నీరసపడిపోతారు. ఈ ఎపిసోడ్‌లో చారు పెడదాం, ఆ గొడవ కూడా తేల్చేద్దాం.

నలుగురికి అరకిలో నాటుకోడి చాలు. బొమికలతో తీసుకోండి, ఉత్త మెత్తటి ముక్కలొద్దు. ఎందుకంటే చారుకి బలం బొమికల్లో, కీళ్ల దగ్గరే ఉంటుంది. అక్కడ కొల్లాజెన్ అనే ప్రొటీన్ ఉంటుంది. సన్న సెగ మీద నీళ్లలో ఉడికితే అది జెలటిన్‌గా మారి చారుకి చిక్కదనం ఇస్తుంది. మిగిలిన చారు ఫ్రిజ్‌లో పెడితే జెల్లీలా గడ్డకట్టిందా? పాడైపోలేదండి, బాగా కుదిరిందని అర్థం.

కుక్కర్‌లో రెండు చెంచాల నెయ్యి వేసి జీలకర్ర, కరివేపాకు, దంచిన పది వెల్లుల్లి రెబ్బలు, చిన్న అల్లం ముక్క, ఒక ఉల్లిపాయ వేయించండి. పసుపు, ఉప్పు, చెంచాడు ధనియాల పొడి వేసి ముక్కలు కలపండి. ఐదు నిమిషాలు మగ్గాక లీటరుంపావు నీళ్లు పోయండి. ఒక విజిల్ వచ్చాక మంట తగ్గించి ఇరవై ఐదు నిమిషాలు ఉంచండి. బ్రాయిలర్ అయితే పది నిమిషాలు చాలు. మిరియాలు మాత్రం మొదట్లో వేయొద్దు, ఎక్కువసేపు మరిగితే ఘాటు వాసన ఎగిరిపోతుంది. చివర్లో కచ్చాపచ్చాగా దంచి చెంచాడు వేసి, రెండు పొంగులు రానిచ్చి దించేయండి.

ఇక్కడ రెండు వెర్షన్లు చేద్దాం. జ్వరం ఉన్నవాళ్లకి పైన తేలిన నెయ్యి తీసేసి పల్చటి చారు. మిగతావాళ్లకి అరకప్పు చిక్కటి కొబ్బరి పాలు. మన కొబ్బరి లేకపోతే ఎలాగండీ! కానీ పొయ్యి బాగా సిమ్‌లో ఉన్నప్పుడే పోయాలి. గలగలా మరిగిస్తే నూనె వేరు, నీళ్లు వేరు అయిపోతాయి. నిమ్మరసం దించాకే.

ఇంగ్లిష్‌వాళ్ల మెనూల్లో ములిగటానీ అనే సూప్ చూశారా? తమిళంలో మిళగు తణ్ణీర్, అంటే మిరియాల నీళ్లు. ఆ పేరే అలా మారింది. మన చారుకి దగ్గరి చుట్టమే.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇది జలుబుకి పనిచేస్తుందా? 1978లో అమెరికాలో పదిహేను మంది మీద చిన్న పరీక్ష చేశారు. వేడి చికెన్ సూప్ తాగాక ముక్కులో చీమిడి త్వరగా కదిలింది, కానీ ఆ ప్రభావం కాసేపే. 2000లో నెబ్రాస్కాలో స్టీఫెన్ రెన్నార్డ్ అనే డాక్టరు బృందం ల్యాబ్‌లో చూస్తే, చికెన్ సూప్ కొన్ని తెల్ల రక్తకణాల కదలికని తగ్గించింది. అది గాజు పాత్రలో జరిగింది, మనిషిలో కాదు. అంటే ఉపశమనం ఉంది, మందు మాత్రం కాదు.

మరి వేడి చేస్తుందా? జ్వరంలో ఒంటికి నీళ్లు, ఉప్పు, ప్రొటీన్ కావాలి. పల్చటి చారులో ఇవి మూడూ ఉన్నాయి. అరగనిది నూనె, కారం, అతి మసాలా. పథ్యం అన్న పెద్దవాళ్ల మాటలో ఆ భాగం కరెక్టే. బీపీ, కిడ్నీ సమస్య ఉంటే ఉప్పు విషయం డాక్టర్‌ని అడగండి.

బర్డ్ ఫ్లూ భయం కూడా ఉంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో అది వచ్చింది కదా. ముక్క లోపలి దాకా 70 డిగ్రీలు దాటి ఉడికితే వైరస్ బతకదు. ప్రమాదం పచ్చి మాంసంతోనే ఎక్కువ. జబ్బు చేసిన కోడిని, చచ్చిన కోడిని ముట్టుకోవద్దు. కుళాయి కింద జోరుగా కడిగితే తుంపరలు చుట్టూ పడతాయి. కత్తిపీట, చేతులు సబ్బుతో కడగండి.

చివరిగా ఒక్క మాట, ఇది స్కిప్ చేయొద్దు. జ్వరం రెండు రోజులు దాటినా, కడుపులో బాగా నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో రక్తం, ఆయాసం కనిపించినా చారు పక్కన పెట్టి వెంటనే హాస్పిటల్‌కి వెళ్లండి. డెంగ్యూలో జ్వరం తగ్గిన తర్వాతే ప్రమాదం మొదలవ్వొచ్చు. చారు తాగాక తగ్గిందిలే అని ఊరుకోవద్దు.

మీ ఇంట్లో కోడి చారులో ఏం స్పెషల్ వేస్తారో కామెంట్ చేయండి. దూరంగా హాస్టల్లో ఉన్న ఫ్రెండ్‌కి షేర్ చేయండి. ఉంటానండి మరి!