హాజరు పట్టీలో లేని ఆమె

పశ్చిమ ప్రకాశంలో పేదింటి డబ్బుకు పద్దు రాయించేది మహిళా సమాఖ్యల నాయకురాళ్లు. వలస పోయిన సభ్యురాలి విషయంలో వాళ్లు ఏం చేస్తారన్నదే ఆ నాయకత్వానికి అసలు పరీక్ష.

పొదుపు సంఘం మినిట్స్ పుస్తకం ఏ ఊళ్లో తెరిచినా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. పైన తేదీ, సమావేశం జరిగిన చోటు, అధ్యక్షత వహించినామె పేరు ఉంటాయి. కింద వరసగా సభ్యుల పేర్లు, ఎదురుగా సంతకాలు, అక్కడక్కడ వేలిముద్రలు. ఆ తర్వాత డబ్బు సంగతి: పొదుపు ఎంత జమైంది, పాత అప్పుల కంతులు ఎవరు కట్టారు, ఎవరు తప్పారు, కొత్త అప్పు ఎవరికి, ఎందుకు. చివర తీర్మానాలు. రాసింది అందరికీ చదివి వినిపించాకే సంతకాలు పెట్టించాలి.

మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం ప్రాంతాల్లో ఈ సంఘాలను నడిపే నాయకత్వం మీద ముఖచిత్ర కథనం కావాలని సంపాదకులు అడిగారు. గడువు దగ్గర్లోనే పెట్టారు. ఇలాంటి కథనం ఎలా ఉంటుందో పాఠకులకు అలవాటే: అప్పు తీసుకుని గేదెను కొన్న అక్క, కుట్టుమిషన్ పెట్టుకున్న చెల్లెలు, వేదిక మీద జ్ఞాపిక అందుకుంటున్న అధ్యక్షురాలు. ఆ కథలు నిజమే, రావలసినవే. అయినా నా మనసు మాత్రం ఆ పుస్తకం మీదే నిలిచిపోయింది. నాయకురాలు ఎలాంటిదో తెలియాలంటే ఆమె పద్దు చూడాలి. అందులోనూ సంతకం లేని గడి దగ్గర ఆగాలి.

సంక్రాంతి దాటాక

సంక్రాంతి దాటితే ఈ మెట్ట మండలాల్లో చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. ఇక్కడిది ఎక్కువగా వాన మీద బతికే సేద్యం. కంది, పత్తి పండినా ఎండినా ఆ తర్వాత ఊళ్లో కూలి దొరకదు. కొందరు గుంటూరు, పల్నాడు వైపు మిరపకాయ కోతకు పోతారు. కొందరు హైదరాబాదు, బెంగళూరు భవన నిర్మాణ పనులకు పోతారు. మార్కాపురం పేరును దేశమంతా మోసుకెళ్లిన పలకల పరిశ్రమ, బడిపిల్లల చేతుల్లోకి నోటుపుస్తకాలు వచ్చాక మునుపటంత పని ఇవ్వలేకపోతోంది. బోర్లు లోతుకు పోయాయి. చాలా ఊళ్లలో పైకొచ్చే నీళ్లలోనూ ఫ్లోరైడు.

ఈ ప్రాంతం ఆశ పెట్టుకున్న పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో పునాదిరాయి పడింది. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కొండల కింద తవ్విన రెండు సొరంగాల్లో రెండోదాని తవ్వకం 2024లో ముగిసింది. ఒక్కో సొరంగం పొడవు 18 కిలోమీటర్ల పైమాటే. 4.47 లక్షల ఎకరాలకు నీళ్లివ్వడం లక్ష్యం. ఆ నీళ్లు కాలువల్లో పారి పొలానికి చేరేదాకా కుటుంబాలు మూటాముల్లె సర్దుకోక తప్పదు.

సరిగ్గా ఆ వలస నెలల్లోనే మినిట్స్ పుస్తకంలో గడులు ఖాళీ అవుతాయి.

పొదుపు సంఘాలకు పంచసూత్రాలు ప్రాణం. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, సంఘంలోనే అప్పులు ఇచ్చిపుచ్చుకోవడం, సకాలంలో తిరిగి కట్టడం, పుస్తకాలు సక్రమంగా రాయడం. బ్యాంకు సంఘానికి గ్రేడు వేసేది వీటిని చూసే. గ్రేడు బాగుంటే బ్యాంకు నుంచి సంఘానికి లింకేజీ అప్పు తేలిగ్గా వస్తుంది. స్వయం సహాయక సంఘాలకు 20 లక్షల రూపాయల వరకు తాకట్టు అడగకుండా అప్పివ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఆస్తి కాగితం లేని ఆడవాళ్లకు ఆ హాజరు పట్టీయే పూచీకత్తు. ఇంత విలువైన సూత్రాలను నేను తక్కువ చేయను. దేశమంతా మెచ్చుకున్న క్రమశిక్షణ అది.

కాని ఊళ్లో నిలకడగా ఉండగలిగే మనిషికి ఆ క్రమం సులువు. సెంటు భూమి లేక కాయకోతకు పోయినామె సమావేశానికి ఎక్కడినుంచి వస్తుంది? రాలేదు కాబట్టి చాలా సంఘాల్లో జరిమానా పడుతుంది. పొదుపు బాకీ పడుతుంది. కంతు దాటిపోతుంది. సంఘం గ్రేడు ఆమె వల్లే పడిపోతోందన్న మాట పుడుతుంది. బ్యాంకు అప్పు వచ్చి ఎవరికి ఎంతని పంచుకునే రోజున తన అవసరం చెప్పుకోవడానికి ఆమె అక్కడ ఉండదు. ఊరికి తిరిగొచ్చేసరికి పంపకం అయిపోయి ఉంటుంది. తర్వాత ఆమెకు మిగిలేది ప్రోనోటు రాయించుకునే వడ్డీ వ్యాపారి. లేదంటే అడ్వాన్సు ఇచ్చి, వచ్చే ఏటి పనికి ఇప్పుడే కట్టేసుకునే మేస్త్రి.

పేదల కోసం పుట్టిన సంస్థలో అందరికన్నా పేదది ఇలా జారిపోతుంది. ఎవరూ ఆమెను వెళ్లగొట్టరు. ఎవరూ నియమం తప్పరు. నియమాన్ని మనిషిని బట్టి ఆలోచించకుండా అమలు చేస్తే చాలు, ఆమె తనంతట తనే బయటికి పోతుంది.

బాక్స్: వడ్డీ లెక్క

పది వేల రూపాయల అప్పు, గడువు పది నెలలు అనుకుందాం.

వడ్డీ వ్యాపారి దగ్గర నూటికి మూడు రూపాయలు. నెలకు 300. అసలు చివర్లో ఒకేసారి కట్టాలి కాబట్టి పది నెలలకు వడ్డీ 3,000.

సంఘంలో నూటికి రూపాయి. నెలనెలా వెయ్యి చొప్పున అసలు తగ్గుతూ ఉంటే వడ్డీ మొదటి నెల 100, రెండో నెల 90, అలా చివరి నెల 10. మొత్తం 550.

తేడా 2,450 రూపాయలు. ఎండలో కాయకోసి సంపాదించిన కూలిలోంచి కొన్ని రోజులది అలా చేతులు మారిపోతుంది.

నాయకురాలు అంటే ఎవరు

పది నుంచి పదిహేను మంది ఆడవాళ్లు ఒక సంఘం. ఆ సంఘానికి ఇద్దరు లీడర్లు. ఊళ్లోని సంఘాలన్నీ కలిస్తే గ్రామ సమాఖ్య, గ్రామ సమాఖ్యలు కలిస్తే మండల సమాఖ్య, ఆపైన జిల్లా సమాఖ్య. ప్రతి మెట్టు మీదా ఎన్నికైన అధ్యక్షురాలు, కార్యదర్శి, కోశాధికారి ఉంటారు. వాళ్లకు జీతం లేదు. పొద్దున కూలికో, పాలు పిండడానికో పోయి, మధ్యాహ్నం బ్యాంకు మేనేజరు ముందు కూర్చునేది వాళ్లే.

వాళ్ల పక్కన వీవోఏ, అంటే గ్రామ సమాఖ్య సహాయకురాలు. ఊళ్లో ఇంకా యానిమేటర్ అనే పిలుస్తారు. లెక్కలు రాసేది, బ్యాంకు కాగితాలు నింపేది, ఫోన్ యాప్‌లో వివరాలు ఎక్కించేది ఆమె. గౌరవ వేతనం మీద పనిచేస్తుంది. పైన సీసీలు (కమ్యూనిటీ కోఆర్డినేటర్లు), మండలానికి ఒక ఏపీఎం (అసిస్టెంట్ ప్రాజెక్టు మేనేజరు). వీళ్లు గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) ఉద్యోగులు. మండల కేంద్రంలో వాళ్లు కూర్చునే గదిని జనం ఇప్పటికీ ‘వెలుగు ఆఫీసు’ అనే అంటారు, వెలుగు పథకం పేరు మారి ఏళ్లు గడిచినా.

ఇందులో ఒక లాగులాట ఉంది. చట్టం ప్రకారం సమాఖ్య సభ్యులది. రోజువారీ నడకలో లక్ష్యాలు పైనుంచి దిగుతాయి: ఇన్ని లింకేజీలు, ఇంత రికవరీ, ఫలానా పథకానికి ఇన్ని దరఖాస్తులు, ఫలానా సభకు ఇంతమంది. ఏ ప్రభుత్వం వచ్చినా బహిరంగ సభ నింపడానికి ముందు గుర్తొచ్చేది ఈ అక్కలే. ఆ సభల్లో కనిపించే జనసంఖ్యను నాయకత్వానికి కొలతగా నేను ఎప్పుడూ ఒప్పుకోలేదు. సభకు బస్సు నింపిన సామర్థ్యంతో పోలిస్తే, ‘ఈ నెల సమావేశానికి రానివాళ్లు ఎక్కడున్నారు, ఎలా ఉన్నారు’ అని అడిగి పుస్తకంలో రాయించిన లీడరు వెయ్యి రెట్లు గొప్పది.

వీవోఏల సంగతీ ఇక్కడే చెప్పాలి. కాలపరిమితి నిబంధన మీద, వేతన బకాయిల మీద వాళ్లు రాష్ట్రమంతటా ఆందోళనలు చేశారు. ఎన్నికైన పదవి చేతులు మారుతూ ఉండాలి. ఒకే ఇంట్లో, ఒకే వీధిలో పెత్తనం ముదరకూడదు. లెక్క రాసే పనికి మాత్రం అనుభవం కావాలి, నెలనెలా చేతికొచ్చే జీతం కావాలి. పద్దులు రాసేవాళ్లు, లీడర్లు డబ్బు వాడేసుకున్నారన్న ఫిర్యాదులు అక్కడక్కడ వస్తూనే ఉన్నాయి. తప్పు చేసినవాళ్లను శిక్షించాలి. అదే సమయంలో, ఊరందరి డబ్బుకు లెక్క రాసే మనిషిని అరకొర వేతనంతో నెలల తరబడి ఎదురుచూపుల్లో పెట్టడం కూడా అన్యాయమే.

ఒక్క పేరాలో చరిత్ర

మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970 దాకా కర్నూలు జిల్లావి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రగిలిన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత పొదుపు ఊరూరా పాకింది. డ్వాక్రా అన్న మాట ఇంటిమాట అయింది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సంఘాలను సమాఖ్యలుగా కట్టే ప్రయోగం జరిగింది. ఓర్వకల్లు అలా పేరు తెచ్చుకుంది. 2000లో సెర్ప్ పుట్టింది. ప్రపంచ బ్యాంకు రుణంతో వెలుగు పథకం ఆరు జిల్లాల్లో మొదలై 2003లో ప్రకాశం సహా మిగతా జిల్లాలకు వచ్చింది. తర్వాత ఇందిరా క్రాంతి పథం, పావలా వడ్డీ, సున్నా వడ్డీ. 2010లో మైక్రోఫైనాన్స్ కంపెనీల వారంవారీ వసూళ్ల వేధింపులు ప్రాణాల మీదికి రావడంతో అక్టోబరులో రాష్ట్రం ఆర్డినెన్స్ తెచ్చింది. 2011లో సమాఖ్యల సొంత పరపతి సంస్థగా స్త్రీనిధి వచ్చింది. అదే ఏడాది కేంద్రం జాతీయ గ్రామీణ జీవనోపాధి మిషన్ ప్రారంభించింది. ఆంధ్రా అక్కలు బిహార్ వంటి రాష్ట్రాలకు వెళ్లి అక్కడి ఆడవాళ్లకు సంఘం కట్టడం నేర్పారు.

బాక్స్: చేతిలో ఉన్న చట్టం

మండల సమాఖ్యలు నమోదైంది ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం, 1995 కింద. అంతకుముందున్న 1964 చట్టంలో పాలకవర్గాన్ని తొలగించే అధికారం ప్రభుత్వానికి ఉండేది. 1995 చట్టం ప్రభుత్వ వాటా ధనాన్ని పక్కనపెట్టి, బైలా రాసుకునే, మార్చుకునే హక్కును సభ్యులకు ఇచ్చింది. సొంత కాళ్ల మీద నిలబడే సహకార సంఘాల కోసం ఇలాంటి చట్టాలు తర్వాత మరికొన్ని రాష్ట్రాలూ చేసుకున్నాయి.

1844లో ఇంగ్లండులోని రాక్‌డేల్ నేత కార్మికులు కొట్టు పెట్టుకున్నప్పుడు, వాటా ఎంతైనా మనిషికి ఒక్కటే ఓటు అనుకున్నారు. పుల్లలచెరువు మండలంలో పొదుపు కట్టే ఆమెకూ అదే హక్కు.

నల్లమల అంచున

గైర్హాజరు ప్రశ్న అడవి అంచున ఇంకా పదునెక్కుతుంది. దోర్నాల, యర్రగొండపాలెం, పుల్లలచెరువు మండలాల్లో చెంచు గూడేలున్నాయి. తేనె, జిగురు సేకరణకు అడవిలోకి పోయే కుటుంబానికి నెలలో ఫలానా తేదీన పొదుపు కట్టడమన్నది జీవితంలో ఇమిడేది కాదు. చేతికి డబ్బు వచ్చేది సరుకు గిరిజన సహకార సంస్థకు అమ్మినప్పుడు. పని ఎప్పుడుంటే డబ్బు అప్పుడుంటుంది. పొదుపు, కంతు ఆ కాలాన్ని పట్టి నడవాలి. మైదానం ఊరికి కుట్టిన చొక్కా గూడేనికి తొడిగి, సరిపోలేదని మనిషిని తప్పుబట్టడం న్యాయం కాదు.

పుస్తకంలో రాయవలసింది

వలస పోయిన సభ్యురాలిని నిలుపుకోవడానికి కొత్త పథకం, కొత్త జీవో అక్కర్లేదు. సంఘం తీర్మానం చాలు. మహాసభలో బైలా సవరణ చాలు.

మొదటిది, వలస నెలలను ముందే గుర్తించి రాసుకోవాలి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కాయకోతకు పోయే సభ్యురాలి పేరు ఎదురుగా ‘గైర్హాజరు, జరిమానా’ అని కాకుండా ‘వలసలో ఉంది’ అని రాయాలి. పొదుపు ఫోన్‌లో పంపితే హాజరుగా లెక్కించాలి. కంతు గడువు ఆమె కూలి డబ్బు చేతికందే నెలతో జతపడాలి. సంఘానికి గ్రేడు వేసేటప్పుడు బ్యాంకులూ వెలుగు సిబ్బందీ ఈ తేడాను లెక్కలోకి తీసుకోవాలి. చెప్పి వెళ్లిన మనిషి, ఎగ్గొట్టిన మనిషి ఒకటి కాదు.

రెండోది, అప్పు పంచుకునే రోజున లేని సభ్యురాలి అవసరం ముందే అడిగి రాసి ఉంచాలి. సూక్ష్మ రుణ ప్రణాళిక ఉన్నదే ఎవరికి ఏం కావాలో ఇంటింటిదీ రాయడానికి. నిరుపేదకు ముందు, లీడరుకు చివర అన్న మంచి సంప్రదాయం సమాఖ్యల్లో ఉంది. దాన్ని మాటగా వదిలేయకుండా తీర్మానంగా పుస్తకంలోకి ఎక్కించాలి. పేర్ల వరస అందరి ముందూ చదవాలి.

మూడోది, లెక్కలు ఫోన్‌లోకి మారుతున్న ఈ రోజుల్లో గట్టిగా చదివే అలవాటు పోకూడదు. కేంద్రం లోకోస్ యాప్ తెచ్చింది. మంచిదే, దిద్దుబాట్లకు, దాపరికాలకు చోటు తగ్గుతుంది. కాని తెర మీది అంకె వీవోఏకూ లీడరుకూ మాత్రమే కనిపిస్తే సభ్యురాలు మళ్లీ చీకట్లోనే ఉంటుంది. అక్షరం రాని ఆమెకు చెవే సాక్ష్యం. తన పేరు, తన అంకె పదిమందిలో వినపడితేనే ఆమె ‘అది తప్పు’ అనగలదు.

వచ్చే మహాసభలో ఏ మండల సమాఖ్య అధ్యక్షురాలైనా లేచి ఈ ఒక్క లెక్క అడగవచ్చు: ‘నిరుడు మన సంఘాల్లో సభ్యత్వం పోయినవాళ్లు ఎంతమంది, వాళ్లలో వలస పోయినవాళ్లు ఎంతమంది?’ ఆ అంకెలు వీవోఏల పుస్తకాల్లోనే ఉన్నాయి. కూడి, చదివి, పోయినవాళ్లను మళ్లీ చేర్చుకునే తీర్మానం ఆ రోజే రాయించిన నాయకురాలి ఫొటో ఏ పత్రిక ముఖచిత్రం మీద వేసినా తగును.