బరువు మోయు సైకిలు చక్రము

పాల క్యానులను, కొబ్బరిబొండముల గెలలను, ధాన్యపు బస్తాలను సైకిలుపై వేసికొని పోవువారిని మీరు చూచియే యుందురు. జార్ఖండు రాష్ట్రమున బొగ్గు అమ్ముకొని బ్రదుకువారు 200 కిలోగ్రాములకు పైబడిన బొగ్గును ఒక్క సైకిలుపై కట్టి, దానిని తోసికొనుచు కిలోమీటర్ల కొలది నడచెదరు. కాని ఆ చక్రములోని చువ్వలు సుమారు 2 మిల్లీమీటర్ల మందము గల ఉక్కు తీగలు మాత్రమే. విడిగా నొక తీగను తీసికొని చేతితో వంచినచో వంగిపోవును. అట్టి తీగలు ఇంతటి భారమును ఎట్లు భరించుచున్నవి?

ఎడ్లబండి చక్రమునకు లావైన కొయ్య ఆకులుండును. ఇరుసుపై పడిన బరువును క్రింది ఆకులు స్తంభములవలె నిలబడి మోయును. సైకిలు చక్రపు పద్ధతి వేరు. ఇందు చువ్వలన్నియు నడుమనున్న హబ్బునకును, చుట్టునున్న రిమ్మునకును మధ్య వీణ తంత్రులవలె బిగింపబడి యుండును. బరువు పడినప్పుడు నేలవైపు చువ్వల బిగువు కొంత తగ్గును. అట్లు తగ్గినను ఇంకను బిగువు మిగిలియున్నంతవరకు చక్రము చెక్కు చెదరదు. కావున చక్రపు బలము తీగల లావులో కంటె వాని బిగువులోనే యున్నదని చెప్పవచ్చును.

ఇట్టి తీగ చక్రమునకు 1869లో పారిసు నగరవాసి యూజీన్ మేయరు పేటెంటు పొందెను. 1874లో ఇంగ్లండు దేశస్థుడు జేమ్సు స్టార్లీ చువ్వలను ఒకదానినొకటి దాటునట్లు ఏటవాలుగా అల్లు విధమునకు పేటెంటు పొందెను. త్రొక్కిన బలము హబ్బునుండి రిమ్మునకు చేరుటకు ఈ అల్లిక మిక్కిలి అనుకూలము. సామానులు వెనుక కట్టుదురు గనుక వెనుక చక్రముపై భారము హెచ్చు. పాతరకపు దృఢమైన సైకిళ్లలో ముందు చక్రమునకు 32, వెనుక చక్రమునకు 40 చువ్వలుండుటకు ఇదియే కారణము.

చువ్వలు సాధారణముగా ఒక్కసారి పడిన బరువునకు తెగవు. చక్రము తిరిగిన ప్రతిసారి ప్రతి చువ్వయు ఒకమారు సడలి మరల బిగియును. ఇట్లు లక్షల పర్యాయములు జరుగగా, హబ్బువద్ద వంపు తిరిగినచోట లోహము అలసి తెగును. వదులైన చువ్వలు మరింత త్వరగా చెడును. ఒకటి తెగినచో దాని భారము ప్రక్కవానిపై పడును, రిమ్ము వంకరపోవును.

కావున బరువులు మోయు సైకిలును తరచుగా పరీక్షింపవలయును. చక్రము నెత్తి, చువ్వల నొక్కొక్కటిగా వ్రేలితో మీటవలయును. ఒక ప్రక్కనున్నవన్నియు ఇంచుమించు ఒకే ధ్వని నీయవలయును. మందముగా మ్రోగునది వదులైనదని గ్రహింపవలయును. పిదప చక్రమును త్రిప్పి చూడవలయును. రిమ్ము ఎడమకు ఒరిగినచో, అచ్చటి కుడిప్రక్క చువ్వలను పావు చుట్టు చొప్పున మెల్లమెల్లగా బిగింపవలయును. తెగిన చువ్వను వెంటనే మార్చవలయును. టైరులో గాలి తక్కువైనచో గుంతల దెబ్బ నేరుగా రిమ్మునకే తగులును గనుక, గాలిని సరిగా నింపవలయును.

ఈ పనికి పట్టునది కొలది నిమిషములే. దానిని ఉపేక్షించినచో, నడిదారిలో చక్రము కూలి, పాలవాని ఆనాటి సంపాదన నేలపాలగును.