గినీ తీరమున ఐరోపీయుల కోటలు

నేడు ఘానా యని పిలువబడు దేశపు సముద్రతీరమున వరుసగా నిలిచియున్న తెల్లని కోటలను చూచువారికి, జయించిన దేశమును అణచియుంచుటకై విదేశీయులు వానిని కట్టిరని మొదట తోచును. కాని ఆ బురుజులపై పెద్ద ఫిరంగులలో పెక్కు సముద్రమువైపునకే గురిపెట్టబడియుండుట గమనించినచో ఆ తలంపు నిలువదు. కోటలోని వర్తకుడు వెఱచినది ముఖ్యముగా, ఓడలెక్కి రాగల తోడి ఐరోపీయులకే.

1482లో పోర్చుగల్ రాజగు రెండవ జోవాన్ పంపగా, డియోగో ద అజంబూజా స్వదేశమున చెక్కించిన రాళ్లను ఓడలలో తెచ్చి ఎల్మినాయొద్ద తొలికోటను కట్టించెను. లోతట్టు అడవులనుండి వచ్చు బంగారమే వారి ధ్యేయము. ఓడలు వచ్చిపోవుచుండుటయే స్నేహమునకు మేలనియు, స్థిరనివాసము కలహములకు దారితీయుననియు స్థానిక నాయకుడు మొదట వారించెనని పోర్చుగీసువారే వ్రాసికొనిరి; ఆతని దూరదృష్టి కొనియాడదగినది. 1637లో డచ్చివారు వెనుకనున్న గుట్టపైకి ఫిరంగులను చేర్చి, కోటకు బలము చాలని నేలవైపునుండియే దానిని లొంగదీసిరి.

స్వీడన్, డెన్మార్క్, ఇంగ్లండ్, బ్రాండెన్‌బర్గ్ దేశీయులును కోటలు కట్టిరిగాని, వారిలో పెక్కురు నేలకై స్థానిక ప్రభువులకు కప్పము చెల్లించుచుండిన బాడుగదారులే. 1693లో అక్వాము దేశీయుడైన అసామెని, బేరమునకు వచ్చినట్లు నటించి అనుచరులతో లోన ప్రవేశించి, అక్రాయొద్దనున్న డేనుల క్రిస్టియన్స్‌బోర్గ్ కోటను వశపఱచుకొని, యించుమించు ఏడాది యేలి, పిమ్మట బంగారము పుచ్చుకొని తిరిగి అమ్మివేసెను. తాళపుచెవులను మాత్రము అక్వామువారు ఈయలేదు. నేటికిని అవి వారియొద్దనే యున్నవట!

కోటలవారిని లొంగదీయగల స్థానికుల ఈ బలము బలవంతులకే గాని నిర్భాగ్యులకు అక్కఱకు రాలేదు. పదునెనిమిదవ శతాబ్దము వచ్చునప్పటికి బంగారమును మించి మనుష్యులే సరకైరి. లోతట్టు రాజులును దళారులును యుద్ధబందీలను తీరమునకు తోలుకొనివచ్చి, తుపాకులు, మద్యము, ఇనుము, వస్త్రములు మార్పుగా గైకొనుచుండిరి. ఆ వస్త్రములలో మన కోరమాండల్ తీరపు నేతయు కలదని యెఱుగుట మనకు ప్రియము కాదు. కేప్‌కోస్ట్ కోటలో పురుషులను బంధించిన చీకటి నేలమాళిగకు సరిగా పైన ప్రార్థనామందిర ముండెను. పైన స్తోత్రములు చదివినవారికి క్రింది ఆర్తనాదములు వినబడకుండెనా?

బ్రిటిషువారు 1807లో బానిసల వర్తకమును నిషేధించిరి. 1872లో ఎల్మినాను డచ్చివారియొద్ద గైకొనిరి. లోతట్టునున్న అశాంటి రాజ్యముతో యుద్ధము చేసి, 1874లో తీరప్రాంతమును తమ వలసరాజ్యముగా ప్రకటించిరి. ఎల్మినాలో తొలికోట లేచిన నాటికిని దీనికిని నడుమ 392 సంవత్సరములు గడచినవి.