ఏ ఊరి పాలకు ఆ ఊరి రుచి

పాలు ఎక్కడైనా పాలే గదా అనుకుంటాం. కాని ఖమ్మం జిల్లా పల్లెలో గేదెపాల టీ తాగి పెరిగిన బిడ్డ కువైట్‌కో, దుబాయికో, అమెరికాకో వెళ్ళిన మొదటి వారంలో ఇంటికి ఫోను చేసి చెప్పే కబుర్లలో, ఇక్కడి పాలు మన పాలలాగా లేవన్న మాట తప్పకుండా ఉంటుంది. మన సంఘాలలో నర్సులుగా, డ్రైవర్లుగా, ఇంటి పనివారుగా విదేశాలకు వెళ్ళినవారి కుటుంబాలు చాలా ఉన్నాయి. వారందరికీ ఇది తెలిసిన సంగతే. ఎందుకిలా జరుగుతుంది? ఈ నెల ఈ పాల సంగతిని పాఠకుల ముందు పెడుతున్నాం. దూరదేశాలతో మొదలుపెట్టినా, చివరికి మన భద్రాచలం అడవి అంచుకే రావలసి ఉంది. ఎందుకంటే మనం ఎక్కువగా తెలుసుకోవలసింది అక్కడే ఉంది.

మన వైపు పాలంటే ముందు గేదెపాలే. గేదెపాలలో వెన్న నూటికి 6 నుంచి 8 పాళ్ళ దాకా ఉంటుంది. ఆవుపాలలో 3.5 నుంచి 5 పాళ్ళు. నాలుకకు చిక్కగా, కమ్మగా తగిలేది ఆ వెన్నే. రంగు కూడా వేరు. పచ్చగడ్డిలో ఉండే పసుపు పదార్థం ఆవుపాలలోకి కొంత అలాగే దిగుతుంది. గేదె దానిని తన ఒంట్లోనే ఎ విటమిన్‌గా మార్చుకుంటుంది. అందుకే ఆవువెన్న పసుపుగా, గేదెవెన్న తెల్లగా ఉంటాయి. అయితే ప్రపంచం మొత్తంమీద పిండే పాలలో నూటికి 80 పాళ్ళు ఆవుపాలు. గేదెపాలలో చాలా భాగం మన దేశంలోనూ, పాకిస్తాన్‌లోనూ పిండేవే. కాబట్టి మన బిడ్డలు ఏ దేశానికి వెళ్ళినా వారికి దొరికేది ఆవుపాలు. అందులోనూ ఎక్కువగా నలుపు తెలుపు మచ్చల హోల్‌స్టీన్ ఆవులవి, పాల దిగుబడి ఎక్కువ, వెన్న తక్కువ. అమెరికాలో వెన్న తీయని పాలు అని అమ్మేవాటిలో ఉండవలసిన వెన్న 3.25 శాతం. మన దగ్గర ఫుల్ క్రీమ్ అని అమ్మే ప్యాకెట్‌లో 6 శాతం ఉండాలి. సగానికి సగం తేడా! అక్కడి మనవాళ్ళు టీలోకి పాలూ మీగడా సమంగా కలిపిన డబ్బా కొనుక్కుంటున్నారంటే ఆశ్చర్యమేముంది.

ఇక కాచే పద్ధతి. మన అవ్వలు పిడకల దాలిలో మట్టికుండ పెట్టి పొద్దుటి పాలను సాయంత్రం దాకా మెల్లగా మరగనిచ్చేవారు. ఎర్రగా కాగి, అట్టలాగా మీగడ కట్టిన ఆ పాలకు పొగవాసన కలిసిన తీపి ఉండేది. అది కాపుడు వల్ల వచ్చిన రుచి. పాలలోని మాంసకృత్తులు, చక్కెర వేడికి మారిపోతాయి. బ్రిటన్‌లో అమ్మే పాలను 72 డిగ్రీల వేడిలో 15 సెకన్లు మాత్రమే ఉంచి వెంటనే చల్లారుస్తారు. జనం వాటిని కాచకుండా చల్లగానే తాగుతారు. మనకది పచ్చిపాలు తాగినట్టుంటుంది. ఫ్రాన్స్, స్పెయిన్, బెల్జియం దేశాల్లో 135 డిగ్రీలు దాటిన వేడిని రెండు మూడు సెకన్లు తగిలించి అట్టపెట్టెల్లో మూసిన పాలే ఎక్కువగా వాడతారు. అవి ఫ్రిజ్ లేకుండా నెలల తరబడి నిలువ ఉంటాయి గాని కాగిన వాసన వదలదు. ఒకే ఆవు పాలు ఈ మూడు చోట్లా మూడు రుచులు ఇస్తాయి.

గల్ఫ్ దేశాల సంగతి ఇంకో విధం. ఇసుక ఎడారిలో పెద్ద పెద్ద చల్లని షెడ్లు కట్టి, వేలకు వేలు హోల్‌స్టీన్ ఆవులను పెంచుతున్నారు. నీటి కొరత వల్ల మేత చాలా వరకు ఓడల మీద ఇతర దేశాల నుంచి వస్తుంది. అక్కడి అంగళ్ళలో లబన్ అనే పుల్లని మజ్జిగ సీసాలు దొరుకుతాయి. పాల మీద బెంగ పెట్టుకున్న మనవారికి ఇంటి రుచికి దగ్గరగా తోచేది అదే. ఉప్పు, పచ్చిమిరపకాయ నలిపి వేసుకుంటే చాలు. అరబ్బులకు ప్రీతికరమైన ఒంటెపాలు మాత్రం కొంచెం ఉప్పగా ఉంటాయి, తేలికగా తోడుకోవు. మంగోలియాలో గుర్రపుపాలను పులియబెట్టి తాగుతారు, టీలో చక్కెరకు బదులు ఉప్పు వేస్తారు. టిబెట్‌లో టీలో ఉప్పూ వెన్నా వేసి చిలుకుతారు. మనలను ఒక గుక్క మింగమంటే కష్టమే. వారికి మన చక్కెర పాకం టీ కూడా అంతే కావచ్చు.

ఇంతదూరం పోనక్కరలేదు. పాడి ఉన్న మన పల్లెల్లో ఒక ఇంటి పాలకూ, పక్కింటి పాలకూ రుచి కలవదు. వయ్యారిభామ మొక్క పెరిగిన బీడులో మేసిన పశువు పాలు చేదుగా ఉంటాయి. ఉల్లికాడలు, వెల్లుల్లి ఆకు తింటే ఆ వాసన కొద్ది గంటల్లోనే పాలలోకి దిగుతుంది. ఘాటు వాసన ఉన్న మేత ఏదైనా పాలు పిండిన తర్వాతనే వేయాలని చెప్పేది ఇందుకే. చూడి నిండుతున్న గేదె పాలు ఉప్పగా మారడం మన ఆడవారికి తెలిసినదే. కాని ఈని రెండు మూడు నెలలే అయిన గేదె పాలు ఉన్నట్టుండి ఉప్పగా తగిలితే పొదుగువాపు మొదలైందేమో చూసుకోవాలి. వాపు కంటికి కనబడకముందే పాలలో తీపి తగ్గి ఉప్పు పెరుగుతుంది. అటువంటి పాలు వాడకుండా పశువుల డాక్టరుకు చూపించడం మంచిది.

పరిశుద్ధ గ్రంథములో పాలు అని చదివినప్పుడు మన మనసులో గేదె మెదులుతుంది. అయితే అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల గుడారాల దగ్గర ఎక్కువగా పిండింది మేకలను, గొర్రెలను. సామెతల గ్రంథము 27వ అధ్యాయము చివరి వచనములో ఇంటివారి ఆహారానికి చాలునన్నది మేకపాల సంగతే. మేకపాల వాసనకు కారణమైన ఆమ్లాలకు శాస్త్రజ్ఞులు లాటిన్ భాషలోని మేక పేరే పెట్టారు, అంత ప్రసిద్ధి ఆ వాసనకు. గొర్రెపాలు మన గేదెపాలలాగా చిక్కనివి. మమ్రే దగ్గర సింధూరవృక్షముల నీడలో అబ్రాహాము తన అతిథులకు పెట్టిన భోజనములో పాలతోబాటు పెరుగు లేక వెన్న అని తర్జుమా చేసే పదార్థము ఉంది, ఆదికాండము 18వ అధ్యాయములో చూడవచ్చు. వేడి దేశాల్లో తోలుతిత్తిలో పోసిన పాలు పచ్చిగా ఎంతసేపు ఉంటాయి? పులిసిపోతాయి. న్యాయాధిపతులు 4వ అధ్యాయములో యాయేలు సీసెరా కోసం విప్పినది అటువంటి తిత్తినే. అబ్రాహాము ఇంటి పాల రుచి మన స్టీలుగ్లాసులోని పాలకంటే ముంతలోని పుల్లమజ్జిగకే దగ్గరగా ఉండి ఉంటుందని మా ఊహ.

ఇప్పుడు మన అడవి అంచుకు వద్దాం. కొత్తగూడెం దాటి భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల వైపు వెళితే, 2016కు ముందు ఖమ్మం జిల్లాగా ఉండి ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయిన ప్రాంతం. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన కూనవరం, చింతూరు మండలాలు దాని పక్కనే ఉన్నాయి. కోయ గూడేల్లో పశువులకు కొదువలేదు. ఇంటి ముందు దొడ్డి, అందులో ఆవులూ ఎడ్లూ దూడలూ కనిపిస్తాయి. కాని పాతకాలపు కోయ ఇంట ఆవును పిండడం ఆచారం కాదు. ఆవుపాలు దూడవి. తల్లిపాలు పూర్తిగా తాగిన కోడె బలంగా పెరిగి రేపు నాగలి లాగాలి, ఎరువు ఇవ్వాలి. ఇది ఈ ఒక్క ప్రాంతపు వింత కాదు. మధ్య భారతంలో గోండుల నుంచి తూర్పున ముండాల దాకా అనేక గిరిజన జాతుల్లో ఇదే పాత మర్యాద. ఇంకా తూర్పుకు పోతే బర్మా, చైనా, వియత్నాం దేశాల్లో కూడా చాలా ప్రాంతాల జనం వేల సంవత్సరాలు పశువుల్ని దున్నడానికి పెంచారు గాని పాలకోసం పెద్దగా పెంచలేదు.

మైదాన ప్రాంతం నుంచి అక్కడికి వెళ్ళిన ఉద్యోగులు, వ్యాపారులు, మన సేవకులు కూడా దీనిని వెనుకబాటుతనంగా చెప్పుకోవడం మేము విన్నాం. దొడ్డినిండా ఆవులుంచుకుని నల్లటీ తాగుతారని నవ్వుతారు. ఆ నవ్వు మాకు నచ్చదు. మేకపిల్లను దాని తల్లిపాలతో ఉడకబెట్టరాదన్న ఆజ్ఞ ధర్మశాస్త్రములో మూడుసార్లు కనిపిస్తుంది, నిర్గమకాండములో రెండుసార్లు, ద్వితీయోపదేశకాండములో ఒకసారి. పుట్టిన దూడగాని మేకపిల్లగాని ఏడు దినములు తల్లి దగ్గర ఉండాలని లేవీయకాండము 22వ అధ్యాయము చెబుతుంది. ఆ ఆజ్ఞల భావము గురించి పండితుల్లో అనేక అభిప్రాయాలు ఉన్నాయి. అయినా తల్లికీ పిల్లకూ మధ్య పాల విషయంలో మనిషి చేయి ఎంతవరకు వెళ్ళవచ్చునన్న జాగ్రత్త అక్కడ ఉన్నది. దూడను రెండు గుక్కలు చేపనిచ్చి గుంజకు కట్టివేసే మనం, దూడకే అంతా వదిలేసిన వారిని చూసి నవ్వడమేమిటి?

గోదావరి నావిగేషన్ పనుల ఇంజినీరు కెప్టెన్ హెయిగ్ ప్రోత్సాహంతో 19వ శతాబ్దంలో దుమ్ముగూడెంలో చర్చ్ మిషనరీ సొసైటీ సేవ మొదలైంది. అక్కడ పనిచేసిన రెవరెండ్ జాన్ కెయిన్ గారు కోయ భాషను నేర్చుకుని, వారి ఆచారాలను శ్రద్ధగా రాసిపెట్టారు. చెప్పడానికి ముందు తెలుసుకోవాలన్న ఆ ఓపిక ఇప్పటి సేవకులకు కూడా అవసరం.

ఇది కేవలం ఆచారాల సంగతి అయితే ఇంత రాయకపోదుం. పసిబిడ్డలందరికీ తల్లిపాలలోని తీపిని, అంటే లాక్టోజ్ అనే చక్కెరను, అరిగించుకునే శక్తి దేవుడిచ్చాడు. పెరిగేకొద్దీ ప్రపంచంలో ఎక్కువమందికి అది తగ్గిపోతుంది. తరతరాలుగా పాడిమీద బతికిన జాతుల్లో పెద్దయ్యాక కూడా నిలుస్తుంది. మన దేశంలో పంజాబు, రాజస్థాన్ వైపు ఇటువంటివారు ఎక్కువ, దక్షిణానికీ తూర్పుకూ వచ్చేకొద్దీ తక్కువ. పాలే ఎరగని వంశాల్లో మరీ తక్కువ. అటువంటి వారు గ్లాసెడు పాలు ఒక్కసారి తాగితే కడుపు ఉబ్బరం, నొప్పి, నీళ్ళ విరేచనాలు వస్తాయి.

తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు భోజనం, గుడ్డుతోబాటు 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు. చాలా మంచి పథకం, ఎందరో తల్లుల రక్తహీనతకు, బలహీనతకు ఆసరా. అయితే గూడెంలో ఒక చెల్లెలు ఆ పాలు తాగి కడుపునొప్పి అంటే, ఆమె మొండిదనీ తెలివితక్కువదనీ అనే ముందు ఈ సంగతి గుర్తుండాలి. మన హాస్టళ్ళలో రాత్రిపూట పాలు ఇచ్చే వార్డెన్‌లకూ అదే మాట. కొత్తగా వచ్చిన కోయ పిల్లవాడు పాలగ్లాసు పక్కకు జరిపితే తిట్టవద్దు. కొద్ది కొద్దిగా, అన్నం తర్వాత ఇచ్చి చూడాలి. పెరుగుగా, మజ్జిగగా మార్చి ఇస్తే చాలామందికి పడుతుంది. తోడులోని సూక్ష్మజీవులు పాలచక్కెరలో కొంత ముందే తినేస్తాయి. అదీ పడకపోతే బెంగ అక్కరలేదు. 100 మిల్లీలీటర్ల ఆవుపాలలో 120 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగానే ఉంది. ముల్లుతో నమిలే చిన్నచేపలు, మునగాకు కూడా మంచివే. పాలు తాగిన ప్రతిసారీ విరేచనాలు, రక్తం, బరువు తగ్గడం ఉంటే మాత్రం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోవాలి.

పసిపిల్లల విషయంలో ఇంకొక హెచ్చరిక. మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప మరేదీ, నీళ్ళు కూడా వద్దు. ఏడాది నిండేవరకు ఆవుపాలు, గేదెపాలు తల్లిపాలకు బదులు కావు. ఆవుపాలలో మాంసకృత్తులు తల్లిపాలకంటే మూడు రెట్లు ఉంటాయి. దూడ నెలల్లోనే నిలువెత్తు పెరగాలి, మన బిడ్డకు ఆ తొందర లేదు. ఆవుపాలలో నీళ్ళు కలిపి సీసాతో పట్టడం మైదాన పల్లెల్లో మన ఇళ్ళలోనే ఎక్కువ. ఈ ఒక్క విషయంలో గూడెం తల్లి మనకంటే ముందున్నది, బిడ్డ అడిగినంత కాలం తన పాలే ఇస్తుంది.

రోజులు మారుతున్నాయి. భద్రాచలం, చింతూరు హోటళ్ళలో పాలటీ తాగే కోయ యువకులు ఎందరో. రోడ్డు పడిన గూడేలకు పాలప్యాకెట్లు వస్తున్నాయి. వానాకాలంలో మాత్రం కష్టమే. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటి వంతెన మీద రాకపోకలు ఆపినప్పుడు వ్యాను పాలు ఏ ఊరికి చేరతాయి? నెలల తరబడి నిలువ ఉండే అట్టపెట్టెల పాలు పనికివచ్చేది అటువంటి రోజుల్లోనే, కాగిన వాసనకు ముక్కు చిట్లించకుండా ఉంటే.

కూటాలకు గూడేలకు వెళ్ళే సహోదరులకు చివరిగా ఒక సంగతి. విశ్వాసుల ఇంట మీకు ముందు అందేది జొన్నజావ గాని, రాగి అంబలి గాని కావచ్చు. పాలటీ అడగవద్దు. మీకోసం ఎవరినో మూడు మైళ్ళు సైకిలు మీద ప్యాకెట్‌కు పంపిస్తారు.