ఎల్లల నడుమ యానాము

గోదావరీ తీరపు పటమును పరచి చూచినవారికి ఒక చిన్న వింత కనబడును. కాకినాడకు దక్షిణముగా, గౌతమీనది యుత్తరపు గట్టున, ఆంధ్రప్రదేశ్‌కు పూసిన రంగు నడుమ వేరొక రంగు చుక్క యుండును. అదియే యానాము. అచ్చటి వీథులలో వినవచ్చునది తెనుగే. అచ్చటివారి పండుగలు, వంటలు, బంధుత్వములు చుట్టునున్న గ్రామములవారివే. అయినను ఆ యూరు ఆంధ్రప్రదేశ్‌లోనిది కాదు. ఎనిమిది వందల కిలోమీటర్లకు పైబడిన దూరమున, తమిళదేశపు తీరముననున్న పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములో అది యొక భాగము. పుదుచ్చేరి శాసనసభకు ప్రజలెన్నుకొను ముప్పదిమంది సభ్యులలో యానాము తరఫున పోవువారు ఒక్కరే.

ఒకే భాష మాటలాడు ప్రజల నడుమ ఇట్టి యెల్ల యెట్లేర్పడినది? ఫ్రెంచివారు వెడలిపోయిన పిదపనైనను అది యేల చెరిగిపోలేదు? దాని వలన ఆ యూరికి కలిగిన మేలెంత, కీడెంత? ఈ ప్రశ్నలకు సమాధానమే యానాము చరిత్ర.

గోదావరి ధవళేశ్వరము దాటిన తరువాత పాయలుగా చీలి సముద్రమును చేరును. ఆ పాయలలో గౌతమి యొకటి. గౌతమినుండి కోరంగిపాయ విడివడుచోట యానామున్నది. సముద్రము అచ్చటికి కొలది మైళ్ల దూరమే. నది యేటేట తెచ్చు ఒండ్రు వలన లంకలు, తిప్పలు ఏర్పడుచుండును. యానాములోని దరియాలతిప్ప, ఇసుకతిప్ప యను పేర్లు ఈ సంగతినే తెలుపుచున్నవి. నావలు నదిలోనికి రాగలుగుటయు, వెనుకనున్న గ్రామములలో సాలెవారు నేసెడి మేలైన వస్త్రములు దొరకుటయు — ఈ రెండే విదేశీయ వర్తకుల నిచ్చటికి రప్పించినవి.

ఫ్రెంచివారిని మన పెద్దలు పరాసులనెడివారు. వారు 1723లో యానామున వర్తకస్థానము నెలకొల్పిరి. వ్యాపారము లాభింపక నాలుగేండ్లకే దానిని విడిచిపెట్టి, మరల 1731లో తిరిగివచ్చిరి. ఆ ప్రాంతమున వారొక్కరే వర్తకులు కారు. కూతవేటు దూరముననున్న ఇంజరములో ఆంగ్లేయుల కొట్టు ఉండెను. కాకినాడవద్ద జగన్నాథపురములో డచ్చివారుండిరి. ముగ్గురును ఒకే సాలెవారి మగ్గములమీది బట్టకొరకు పోటీపడుచుండిరి. ఆనాటి యెల్ల యనగా నేలమీద గీచిన గీత కాదు. ఏ సాలెవాడు ఎవరివద్ద బయానా పుచ్చుకొన్నాడో అదియే యెల్ల.

1753లో నిజాము సలాబత్‌జంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచివారి కొసగగా, కొన్నియేండ్లు ఈ తీరమంతయు వారి చేతిలోనే యుండెను. 1758 డిసెంబరులో చందుర్తివద్ద జరిగిన యుద్ధముతో ఆ వైభవము ముగిసినది. విజయనగర ప్రభువు సాయముతో ఆంగ్లేయులు గెలిచిరి. అటుపిమ్మట యానాము గతి విచిత్రమైనది. ఐరోపాలో ఇంగ్లండు ఫ్రాన్సులకు పోరు వచ్చినప్పుడెల్ల ఆంగ్లేయులు ఈ యూరిని పట్టుకొనుటయు, సంధి కుదిరినప్పుడు తిరిగి యిచ్చివేయుటయు జరుగుచుండెను. 1763, 1783, 1814 సంవత్సరములలోని సంధులు మూడును ఇట్టివే. ఎక్కడనో దూరదేశమున, యానామును కన్నెత్తి చూడని దొరలు సంతకములు చేయుదురు. ఇచ్చట జెండా మారును. ఊరివారి నడిగినవారు లేరు.

చివరిసారి యానాము ఫ్రెంచివారికి దక్కునప్పటికి అది వెనుకటి వర్తకస్థానము కాదు. మరలుమీద నేసిన విలాయతి బట్ట వచ్చి మన సాలెవారి మగ్గములను మూలపెట్టినది. 1815లోని ఒడంబడిక ప్రకారము ఫ్రెంచివారు తమ స్థావరములలో ఉప్పు వ్యాపారముమీది హక్కును ఆంగ్లేయులకు వదలుకొని, బదులుగా ఏటేట నాలుగు లక్షల సిక్కా రూపాయలు పుచ్చుకొనుటకు సమ్మతించిరి. సముద్రము చెంతనుండియు ఉప్పు పండించుకొను స్వేచ్ఛ లేకపోయినది. 1839 నవంబరులో వచ్చిన ఘోరమైన ఉప్పెన కోరంగి రేవును నాశనము చేసినది. ఆపైన ఆనకట్టయు, కాలువలును ఏర్పడి, డెల్టా సరకంతయు పడవలమీద కాకినాడకు పోవ నారంభించినది.

పని లేనిచోట మనుష్యులు నిలువరు. చెరకు తోటలలో పనిచేయుటకు ఫ్రెంచివారి రీయూనియన్ ద్వీపమునకు 1820 దశకము చివరనే యానామునుండి కూలీలు ఓడ యెక్కిరి. భారతదేశమునుండి ఆ ద్వీపమునకు ఒప్పందపు కూలీలుగా మొట్టమొదట పోయినవారిలో ఈ తెలుగువారున్నారు. కోరంగినుండి బర్మాకు పోయినవారి సంఖ్య మరియు నెక్కువ. అందుచేతనే బర్మాలో తెలుగు కూలీలకు ‘కోరంగీలు’ అను పేరు వాడుకలోనికి వచ్చినది.

సంపద తరిగినను యానాముయొక్క ప్రత్యేకత తరుగలేదు. 1880లో ఫ్రెంచి ఇండియాలో పురపాలక సంఘము లేర్పడినప్పుడు యానామునకును ఒకటి వచ్చినది. ఫ్రెంచి ఇండియా ప్రజలు పారిసు నగరములోని సభకు తమ ప్రతినిధిని ఎన్నుకొనెడివారు. ఆ యెన్నికలలో దొంగ ఓట్లును, దౌర్జన్యములును మెండుగా నుండెడివన్నది వేరు మాట; పొలిమేర కావలనున్న బ్రిటిషు ఇండియా రైతునకు ఆనాడు అట్టి ఓటే లేదు. శతావధాని చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి బాల్యమున కొంతకాలము ఈ యూరిలోనే గడపెను. ఫ్రెంచి జెండా క్రిందను తెలుగు పద్యము యథాప్రకారముగా సాగుచుండెనని దీనివలన తెలియగలదు. మీసములు గల వేంకటేశ్వరుని దేవళమును, క్రైస్తవుల సెయింట్ ఆన్ దేవాలయమును నేటికిని అచ్చట చూడవచ్చును.

ఇక ఆ యూరికి ‘కల్యాణపురము’ అను పేరు వచ్చిన సంగతి చెప్పవలెను. వినుటకు ఇంపైన పేరేగాని దాని వెనుకనున్న కథ అంత ఇంపైనది కాదు. 1929లో బ్రిటిషు ఇండియాలో శారదా చట్టము ఆమోదింపబడి, 1930 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. పదునాలుగేండ్లు నిండని బాలికకును, పదునెనిమిదేండ్లు నిండని బాలునికిని వివాహము చేయుట ఆ చట్టము ప్రకారము నేరము. కాని యానాము ఫ్రెంచివారిది; ఆ చట్ట మచ్చట చెల్లదు. అందుచే చుట్టుప్రక్కల జిల్లాలవారు పెండ్లికుమార్తెను వెంటబెట్టుకొని యానాము చేరి, అచ్చట మూడు ముళ్లు వేయించుకొని, తిరిగి తమ యిండ్లకు పోయెడివారు. పురోహితులకును, వంటవారికిని, మేళగాండ్రకును, బసలు ఇచ్చువారికిని చేతినిండ పని దొరకెను. ఊరికి రాబడి వచ్చినమాట నిజము. ఆ రాబడికి మూల్యము చెల్లించినది మాత్రము పలక పట్టవలసిన యీడున పెండ్లిపీటలమీద కూర్చున్న బాలిక. ఆమె గోదావరి గట్టుననున్న ఒక గీతను దాటినది. అంతమాత్రమున ఆమె వయస్సు పెరిగినదా? ఎల్ల వలన ఒక యూరు బాగుపడినదని చెప్పునప్పుడు ఈ బాలికలను కూడ లెక్కలో చేర్చవలెనని నా అభిప్రాయము.

యానాము మంగళవారపు సంత కూడ ఎల్ల చలువ వలననే ప్రసిద్ధికెక్కినది. బ్రిటిషువారి సుంకములు లేని విదేశీవస్తువులు అచ్చట చౌకగా దొరకుటచే కోనసీమనుండియు, కాకినాడ ప్రాంతమునుండియు జనులు సంతకు వచ్చెడివారు. కొన్నదంతయు సుంకపు బంట్రోతులకు చూపియే కొనిపోయిరని అనుకొనుటకు వీలులేదు.

1947లో భారతదేశము స్వతంత్రమైనను ఫ్రెంచి స్థావరములు వెంటనే మనలో కలియలేదు. వంగదేశములోని చంద్రనగరము ప్రజలు 1949లో తమ అభిప్రాయమును వెల్లడించి ముందుగా చేరిరి. తక్కినచోట్ల ఉద్యమము సాగుచుండెను. యానాము ప్రాంతమున జన్మించి, ఫ్రెంచి పోలీసుశాఖలో ఉద్యోగము చేసి, దానిని విడిచి విమోచనోద్యమమున దిగిన దడాల రఫేల్ రమణయ్య నాయకత్వమున ఉద్యమకారులు 1954 జూన్ 13వ తేదీన యానాములో ప్రవేశించి పాలనను వశము చేసికొనిరి. పుదుచ్చేరికంటె నాలుగు నెలలు ముందుగనే యానాములో ఫ్రెంచి పాలన ముగిసినది. ఆ యేటనే అక్టోబరు 18వ తేదీన పుదుచ్చేరి చెంతనున్న కీళూరులో ప్రజాప్రతినిధులు సమావేశమైరి. ఓటు చేసిన 178 మందిలో 170 మంది భారతదేశమున చేరుటకు అనుకూలించిరి, ఎనిమిదిమంది వ్యతిరేకించిరి. నవంబరు 1వ తేదీన పాలన మన చేతికి వచ్చెను. 1956 మే 28వ తేదీన సంధిపత్రము వ్రాయబడెను. ఫ్రెంచి పార్లమెంటు దానిని ఆమోదించుటకు మరి ఆరేండ్లు పట్టినందున, 1962 ఆగస్టు 16వ తేదీన గాని విలీనము చట్టరీత్యా పూర్తికాలేదు.

అప్పుడైనను యానామును ప్రక్కనున్న జిల్లాలో కలిపివేయవచ్చును గదా యని మీకు తోచవచ్చును. ఎల్ల చెరుగకపోవుటకు కారణము ఆ సంధిపత్రములోనే యున్నది. ఈ స్థావరముల ప్రత్యేక పాలనావిధానమును నిలుపుదుమనియు, మార్పు చేయవలసివచ్చినచో ప్రజల యభీష్టమును తెలిసికొనియే చేయుదుమనియు అందు వ్రాసికొనిరి. ఫ్రెంచి పౌరసత్వమునే ఉంచుకొనదలచినవారికి ఆ యవకాశమును ఇచ్చిరి. ఆ విధముగా పారిసునుండి గీచిన గీత ఢిల్లీ చేతిలో కేంద్రపాలిత ప్రాంతపు సరిహద్దుగా మారినది. సరిహద్దునకు కావలివారు పోయిరి. పన్నులలోని భేదము మాత్రము నిలిచినది.

ఆ భేదమే కొత్త జీవనోపాధులను తెచ్చినది. కృష్ణా గోదావరీ ప్రాంతమున భూగర్భమునుండి సహజవాయువు లభించుటయు, కేంద్రపాలిత ప్రాంతమున పన్ను రాయితీలుండుటయు కారణములుగా 1980 దశకమునుండి యానామున కర్మాగారములు వెలసినవి. వానిలో పెద్దది పింగాణి పలకల కర్మాగారము. ప్రక్క గ్రామములనుండియు వేలమందికి అది అన్నము పెట్టినది. 2012 జనవరిలో యజమానులకును కార్మికులకును వచ్చిన వివాదము అల్లర్లుగా మారి, ప్రాణనష్టము కూడ జరిగి, కర్మాగారము అగ్నికి ఆహుతియైనది. పిదప పెక్కేండ్లు అది మూతబడియే యుండెను. ఒకే కర్మాగారమునకు ముడిపడిన చిన్న యూరు అట్టి దెబ్బనుండి తేరుకొనుట యెంత కష్టమో ఆ వత్సరములలో యానాము చూచినది. కూలి పోయినవారిలో పొలిమేర కీవలివారును, ఆవలివారును ఉన్నారు.

ఊరిలో తెలుగు బడులకు ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకములే చిరకాలము ఆధారములు. జీతములను, బడికట్టడములను చూచునది పుదుచ్చేరి ప్రభుత్వము. ఇక పన్నుల సంగతి. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినప్పుడు, ఆ నిషేధము చెల్లని యానామునకు ఎవరెందుకు వచ్చిరో వివరింప నక్కరలేదు. వెనుక పెండ్లిచట్టము విషయమున జరిగినదే మరొక రూపమున జరిగినది. 2017 జూలై 1వ తేదీనుండి దేశమంతటికి ఒకే విధమైన వస్తుసేవల పన్ను వచ్చుటతో చాల సరకుల విషయమున యానాము చౌకదనము పోయినది. పెట్రోలును, మద్యమును ఆ పన్ను పరిధిలోనికి రాలేదు. కనుక ఆ రెండింటి విషయమున ఎల్ల నిలిచియేయున్నది.

జనసంఖ్యను చూచినచో ఎల్ల బలము అంకెలలోను కనబడును. ఇరువదవ శతాబ్ది ఆరంభమున యానాములో సుమారు 5,000 మంది ఉండిరి. 1991లో 20,297, 2001లో 31,394, 2011లో 55,626. అనగా ఇరువదేండ్లలో జనము రెండున్నర రెట్లు దాటినది. ఇది జననముల వలననే కలిగిన పెరుగుదల కానేరదు. పనికొరకును, ప్రభుత్వ సహాయముల కొరకును చుట్టుప్రక్కలవారు వచ్చి స్థిరపడిరి. జనము పెరిగినను నేల పెరుగదు. ఒకప్రక్క గౌతమి, మిగిలిన ప్రక్కల ఆంధ్రప్రదేశ్. కనకాలపేట, మెట్టకూరు వంటి పల్లెలు ఊరితో కలిసిపోయినవి.

నదిని నమ్ముకొన్న మత్స్యకారులు మాత్రము వెనుకటివలెనే యున్నారు. వరదనీరు ఎఱ్ఱబడగానే సముద్రమునుండి ఎదురీదివచ్చు పులసకొరకు వలలు సిద్ధము చేసికొందురు. తొలి పులసలను రేవులో వేలము వేయుదురు; ఒక్కొక్క చేప వేల రూపాయలు పలుకును. పులసను తెచ్చు వరదయే 2022 జూలైలో ఊరిలోని వీథులను ముంచి, జనులను మేడలమీదికి ఎక్కించినది.

ఒకప్పుడు నదికి ఆవలిగట్టుననున్న ఎదుర్లంకకు పోవలెనన్న పంటుకొరకు రేవులో కాచుకొనవలసియుండెను. 2002లో గౌతమిమీద వంతెన పూర్తియైనది. లోకసభాధ్యక్షుడుగా నుండి ఆ యేటనే మరణించిన బాలయోగి పేరు దానికి పెట్టిరి. కాకినాడనుండి అమలాపురము పోవు బస్సు ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో బయలుదేరి, కొన్ని నిమిషములు పుదుచ్చేరి నేలమీద నడచి, వంతెన దాటి మరల ఆంధ్రప్రదేశ్‌లో దిగును. యానామున ఎక్కినవాడు కండక్టరును తెలుగులోనే టిక్కెట్టు అడుగును.